నాన్న కోసం రైలెక్కిన పిల్లాణ్ని ఎవరికి అప్పగించాలి?

జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్. 2015లో కేంద్ర హోంశాఖ మొదలుపెట్టిన ఈ గాలింపులు తెలంగాణలో ఏటా జరుగుతాయి. నెల తిరిగేసరికి పేపర్లో లెక్క వస్తుంది: ఇంతమందిని రక్షించాం, ఇంతమందిని తల్లిదండ్రులకు అప్పగించాం. చదివి సంతోషించి పేజీ తిప్పేస్తాం. అయితే ఆ పిల్లల్లో కొందరు దారితప్పినవాళ్లు కాదు, వాళ్లనెవరూ ఎత్తుకుపోలేదు, పనిలో పెట్టలేదు. ఇంట్లో లేని అమ్మనో నాన్ననో వెతుక్కుంటూ వాళ్లంతట వాళ్లే బయల్దేరారు. అలాంటి పిల్లాణ్ని తల్లిదండ్రులకు అప్పగించడమంటే ఏం చేసినట్టు? వదిలి వచ్చిన ఇంటికి తిప్పి పంపినట్టా, వెతుకుతున్న మనిషి దగ్గరికి చేర్చినట్టా?

దీనికి చట్టంలో జవాబు ఉంది. కాకపోతే ఒక్కచోట లేదు. బాల న్యాయ చట్టంలో కొంత, సంరక్షకత్వ చట్టాల్లో కొంత, కిడ్నాప్ సెక్షన్లో కొంత, దత్తత నిబంధనల్లో కొంత ఉంది. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పిల్లాడి కోసం వెతికే ఏర్పాట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. పిల్లాడు వెతుకుతున్న మనిషి కోసం వెతికే ఏర్పాటు దాదాపు లేదు.

## పారిపోవడం నేరమా? చట్టం ఈ పిల్లాణ్ని ఏమని పిలుస్తుంది?

నేరం కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఏదైనా నేరారోపణ ఉన్న పిల్లలు ఒక వర్గం, సంరక్షణ అవసరమైన పిల్లలు ఇంకో వర్గం. తప్పిపోయినవాళ్లు, ఇంట్లోంచి పారిపోయినవాళ్లు రెండో వర్గంలోకి వస్తారు. టికెట్ లేకుండా రైలెక్కాడనో ఇంట్లో 500 తీసుకుని వచ్చాడనో స్టేషన్లో గద్దిస్తే పిల్లాడు భయపడి తప్పుడు పేరు చెబుతాడు. దాంతో అసలు కథ అక్కడే మూసుకుపోతుంది.

చట్టం తప్పిపోవడాన్నీ పారిపోవడాన్నీ ఒకే గాటన కట్టింది. దేన్నుంచి పారిపోయాడు, ఎవరి వైపు వెళ్తున్నాడు అన్న తేడా నిర్వచనంలో లేదు. కేసు వివరాల ఫారంలో ఇల్లు ఎందుకు వదిలావని అడుగుతారు. ఎవరి దగ్గరికి బయల్దేరావన్నది చాలావరకు ఎదురుగా కూర్చున్న అధికారి ఓపికను బట్టి ఉంటుంది. నా లెక్కలో ఈ రెండో ప్రశ్నే కేసు దిశను మార్చేది. సవతి తల్లి కొడుతోందని వచ్చిన పిల్లాణ్ని ఆ ఇంటికే పంపితే ప్రమాదం. అమ్మమ్మ ఎంత బాగా చూసుకున్నా అమ్మ కావాలని బయల్దేరిన పిల్లాడికి ఇంట్లో ప్రమాదమేమీ లేదు. కానీ వెనక్కి పంపితే నెల తిరక్కుండా మళ్లీ రైలెక్కుతాడు.

ఒకే పిల్లాడికి రెండు ఫైళ్లు ఉంటాయన్నది ఇంకో విషయం. సొంతూళ్లో "తప్పిపోయాడు" అని ఒకటి, దొరికిన ఊళ్లో "దొరికాడు" అని ఇంకొకటి. బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో 2013 మేలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, పిల్లలు కనబడట్లేదని ఎవరు ఫిర్యాదు చేసినా ఎఫ్ఐఆర్ కట్టాలి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. అంతకుముందు "వాడే వస్తాడులే, రెండ్రోజులు చూడండి" అని పంపించేవాళ్లు. ఈ రెండు ఫైళ్లను కలపడానికి తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అనే టూల్ తెచ్చారు. తప్పిపోయినవాళ్ల ఫొటోలను, హోముల్లో ఉన్న పిల్లల ఫొటోలతో ముఖ కవళికలను బట్టి పోల్చి చూస్తుంది. మంచి పనే. అయితే ఇంటి దగ్గర ఫిర్యాదే ఇవ్వకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పరువు పోతుందని కొందరు, మేనమామ ఇంటికి వెళ్లాడేమోనని కొందరు, పోలీసులంటే భయంతో కొందరు ఫిర్యాదు దాకా వెళ్లరు.

## గుంతకల్లులో దొరికిన పిల్లాడు: ఒక ఊహా ఉదాహరణ

రాజంపేట దగ్గరి పల్లె నుంచి 13 ఏళ్ల కుర్రాడు వచ్చాడనుకుందాం. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది. నాన్న ఎక్కడున్నాడో తెలియదు. పిల్లాడు అమ్మమ్మ దగ్గరుంటాడు. మొదట్లో వారానికోసారి వచ్చే అమ్మ ఫోన్ ఈ మధ్య రావడం లేదు. బొంబాయి నుంచి కువైట్ విమానం ఉంటుందని ఎవరో చెప్పగా విని, బొంబాయి వైపు వెళ్లే రైలెక్కాడు. గుంతకల్లు జంక్షన్లో రైల్వే రక్షక దళం వాళ్లు దించారు.

దొరికినప్పటి నుంచి 24 గంటల్లోగా, ప్రయాణ సమయం కాకుండా, పిల్లాణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. అందరూ సీడబ్ల్యూసీ అనేది దీన్నే. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లలో ఒక మహిళ తప్పనిసరి. కమిటీకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి. ఆ రోజు కమిటీ కూర్చోకపోతే ఒక సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. స్టేషన్ లాకప్‌లో ఉంచడానికి వీల్లేదు. చైల్డ్‌లైన్‌గా మనకు తెలిసిన 1098 నంబరు 1996లో ముంబైలో మొదలైంది. 2023 నుంచి అది ప్రభుత్వ యంత్రాంగం చేతికి వచ్చి 112తో కలిసి నడుస్తోంది. ఒంటరి పిల్లాడు కనిపిస్తే సమాచారమివ్వడం దయాదాక్షిణ్యాల విషయమేం కాదు. చూసి చెప్పకపోతే ఆరు నెలల జైలు, 10,000 జరిమానా దాకా శిక్ష రాసి ఉంది.

కమిటీ ఇప్పుడు సామాజిక దర్యాప్తుకు ఆదేశిస్తుంది. 15 రోజుల్లో నివేదిక రావాలి, నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు పూర్తికావాలి. అన్నాళ్లు పిల్లాడు ప్రభుత్వ బాలల హోమ్‌లోనో, గుర్తింపు ఉన్న సంస్థలోనో ఉంటాడు. దర్యాప్తులో అమ్మమ్మ దొరుకుతుంది, బడి దొరుకుతుంది, అమ్మ వెళ్లిన ఏజెంటు పేరు కూడా దొరకవచ్చు. అమ్మ దొరుకుతుందా?

## సముద్రం అవతల ఉన్న అమ్మ మీద కమిటీకి ఏ అధికారమూ లేదు

కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి వెళ్లడం చాలాకాలంగా ఉన్నదే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి మగవాళ్లు దుబాయ్, సౌదీ వెళ్తారు. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం గల్ఫ్‌లో ఇంటిపనికి అధికారికంగా వెళ్లే ఆడవాళ్లకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. వాళ్ల భద్రత కోసం పెట్టిన షరతే అది. కానీ దాని ఇంకో వైపు చూడండి. మన పల్లెల్లో పెళ్లిళ్లయ్యే వయసును బట్టి చూస్తే 30 దాటి వెళ్లే మనిషికి ఇంట్లో బడికెళ్లే పిల్లలుండే అవకాశమే ఎక్కువ.

ఫోన్ ఎందుకు ఆగింది? యజమాని లాక్కుని ఉండవచ్చు. లేదా పని భరించలేక ఆమె ఆ ఇంట్లోంచి బయటపడి, మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి అయి ఉండవచ్చు. అంటే వీసా ఇచ్చిన కఫీల్‌ని వదిలేసి కాగితాలు లేకుండా వేరేచోట పనిచేసుకోవడం. అలాంటి మనిషి తిరిగి రావాలంటే రాయబార కార్యాలయం నుంచి ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్ట్ లేనివాళ్లకిచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం, కావాలి. లేదంటే కువైట్ 2018, 2020, 2024లో ఇచ్చినట్టు మళ్లీ క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి.

సీడబ్ల్యూసీ ఉత్తర్వు కువైట్‌లో చెల్లదు. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్ ద్వారా, రాయబార కార్యాలయం ద్వారా ఆచూకీ అడగవచ్చు. అదీ పాస్‌పోర్ట్ నంబరో, కనీసం యజమాని వివరమో ఉంటేనే ముందుకు సాగుతుంది. అమ్మమ్మ దగ్గర పాస్‌పోర్ట్ జిరాక్స్ ఉందా లేదా అన్న చిన్న సంగతి మీద కేసంతా ఆధారపడవచ్చు. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో, వేరే దేశంలో ఉన్న తల్లిదండ్రులతో పిల్లలకు సంబంధం నిలిపే విషయం పదో అధికరణంలో ఉంది. దాన్ని పల్లెలోని పిల్లాడి దాకా తెచ్చే యంత్రాంగం మాత్రం కనిపించదు.

కాబట్టి ఈ ఉదాహరణలో సాధారణంగా జరిగేది ఇది. పిల్లాణ్ని సొంత జిల్లా కమిటీకి బదిలీ చేస్తారు. ఉత్తర్వు అందిన 15 రోజుల్లోగా పోలీసు ఎస్కార్ట్‌తో పంపాలి, ఆడపిల్లయితే మహిళా పోలీసు వెంట ఉండాలి. అమ్మమ్మకు అప్పగిస్తారు. కేంద్రం నడిపే బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇంటి దగ్గరే ఉండే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పారిపోయి దొరికిన పిల్లలూ దానికి అర్హులే. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. ఇంతా చేసినా, పిల్లాడు అడిగిన ఒక్క ప్రశ్నకు ఫైల్లో జవాబుండదు.

## అమ్మ ఒకచోట, నాన్న ఒకచోట: చేరదీసిన తండ్రి కిడ్నాపర్ అవుతాడా?

ఇంకో ఊహా ఉదాహరణ. కాజీపేటలో తల్లితో ఉండే 15 ఏళ్ల అమ్మాయి. తల్లిదండ్రులు ఆరేళ్ల కిందట విడిపోయారు, కోర్టుకు వెళ్లలేదు, పెద్దమనుషుల్లోనే తేల్చుకున్నారు. అమ్మాయి ఎవరికీ చెప్పకుండా సికింద్రాబాద్ వచ్చి నాన్న ఇంటి తలుపు తట్టింది. అతను ఇంట్లోకి రానిచ్చాడు. మర్నాడు తల్లి కిడ్నాప్ కేసు పెట్టింది.

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత ఐపీసీలో సంరక్షకుల నుంచి అపహరణ అంటే మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 అని వేర్వేరు వయసులుండేవి. కొత్త చట్టం 137వ సెక్షన్‌లో ఇద్దరికీ 18 చేసింది. పిల్లల ఇష్టంతో నిమిత్తం లేదు, సంరక్షకుడి అనుమతే ముఖ్యం. అయితే రెండు అడ్డుకట్టలున్నాయి. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన వరదరాజన్ కేసులో 1964లో సుప్రీంకోర్టు, తీసుకుపోవడం వేరు, తనంతట తాను వచ్చినవాళ్లను వెంట రానివ్వడం వేరు అంది. ఆ కేసులో అమ్మాయి మేజర్ కావడానికి దగ్గర్లో ఉంది, కాబట్టి ఆ తీర్పును పదేళ్ల పిల్లలకు అలాగే అతికించలేం. రెండోది, హిందూ మైనర్ల సంరక్షకత్వం గురించిన 1956 చట్టం ప్రకారం తండ్రే సహజ సంరక్షకుడు. తండ్రి "తర్వాత" తల్లి అని చట్టంలో ఉన్న మాటకు, తండ్రి బతికున్నా అతను పట్టించుకోకపోతే తల్లే సంరక్షకురాలని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. కోర్టు కస్టడీ ఉత్తర్వు లేనప్పుడు సొంత తండ్రి మీద కిడ్నాప్ కేసు నిలబడటం కష్టమే. తల్లికి కస్టడీ ఇస్తూ ఉత్తర్వు ఉంటే కథ మారిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే ఒక విషయముంది. సీడబ్ల్యూసీ కస్టడీ కోర్టు కాదు. తల్లికివ్వాలా తండ్రికివ్వాలా అన్న తగవు ఫ్యామిలీ కోర్టుది. పిల్ల భద్రంగా ఉందా లేదా అన్నంతవరకే కమిటీ పని. కాజీపేట ఇంట్లో హింస లేదని తేలితే మామూలుగా తల్లికి అప్పగించి, కావాలంటే కోర్టుకు వెళ్లమని తండ్రికి చెబుతుంది. అక్కడ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అక్కరకొస్తుంది. తెలివిగా ఎంచుకోగల వయసు వస్తే పిల్లల ఇష్టాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చని అందులోనే ఉంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వ్యక్తిగత చట్టాలు వేరైనా చివరికి కోర్టు చూసేది పిల్లల మేలునే. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ మానవ హక్కు అని, దూరంగా ఉన్నవాళ్లకు వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే వీలుండాలని సుప్రీంకోర్టు 2020లో యశిత సాహు కేసులో చెప్పింది. విడిపోయేటప్పుడు పెద్దమనుషుల కాగితంలో ఎకరాలు, బంగారం, కట్నం లెక్కలుంటాయి. నెలకెన్నిసార్లు బిడ్డను చూడాలో రాసిన కాగితాలు అరుదు.

## కన్నవాళ్లు కాకపోయినా...

పిల్లాడు వెతికేది కన్నతండ్రినే కానక్కర్లేదు. తల్లి పోయాక పిన్ని పెంచింది, తండ్రి రెండో పెళ్లి చేసుకుని పిల్లాణ్ని తీసుకెళ్లాడు, ఏడాది తిరిగేసరికి పిల్లాడు పిన్నిని వెతుక్కుంటూ బయల్దేరాడు. కాగితం మీద చూస్తే తండ్రి దగ్గర్నుంచి పరాయి మనిషి దగ్గరికి పారిపోయినట్టే. పిల్లాడికి మాత్రం అది అమ్మ దగ్గరికి వెళ్లడమే.

ఈ విషయంలో బాల న్యాయ చట్టం మన బంధుత్వాల తీరును బాగానే పట్టుకుంది. సంరక్షకుడంటే సహజ సంరక్షకుడే కానక్కర్లేదు, బిడ్డ నిజంగా ఎవరి చేతిలో పెరుగుతోందని కమిటీ భావిస్తే వాళ్లు కూడా. అప్పగింత అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో తల్లిదండ్రులు, దత్తత తీసుకున్నవాళ్లు, ఫోస్టర్ తల్లిదండ్రులు, సంరక్షకులు, తగిన వ్యక్తి అని కమిటీ గుర్తించినవాళ్లు, అందరూ ఉన్నారు. అంటే పిన్నికి అప్పగించే దారి ఉంది. ఆచరణలో ఆ దారిన వెళ్లాలంటే తండ్రి ఇంట్లో పరిస్థితి ఏమిటో దర్యాప్తు నివేదిక గట్టిగా చెప్పాలి. 15 రోజుల్లో రెండు జిల్లాలు తిరిగి రాయాల్సిన నివేదిక అది.

## దొరకాలని అనుకోని తల్లిదండ్రులు

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. తండ్రికి వేరే కాపురముంది, పాత పిల్లల సంగతి కొత్త భార్యకు తెలియదు. లేదా భర్త కొట్టే దెబ్బలకు తల్లి పారిపోయి, ఎక్కడుందో తెలియకూడదని దాక్కుంది. ఈ రెంటినీ ఒక్కలా చూడలేం.

తండ్రి బాధ్యతలకు చట్టంలో అంకెలున్నాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద పిల్లలకు మనోవర్తి ఇవ్వాలి. 12 ఏళ్లలోపు బిడ్డను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెడితే న్యాయ సంహిత 93వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. డబ్బు వసూలు చేయించగలిగే కోర్టు, కలిసి కూర్చుని అన్నం తినమని ఆదేశించలేదు. బాలల హక్కుల ఒడంబడిక ఏడో అధికరణం తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు, వాళ్ల సంరక్షణలో పెరిగే హక్కు బిడ్డకుందని చెబుతూనే "వీలైనంతవరకు" అని ఒక మాట చేర్చింది.

దాక్కున్న తల్లి విషయంలో అధికారులు చిరునామా చెప్పకపోవడానికి కారణముంది. భర్తే పిల్లాణ్ని ముందుపెట్టి ఆమె ఆచూకీ లాగుతుండవచ్చు. మేజరైన మనిషి తన ఇష్టంతో వెళ్లిపోతే పోలీసులు ఆమె క్షేమంగా ఉందని నిర్ధారించుకుని కేసు మూసేయవచ్చు. పిల్లాడి వైపు నుంచి చూస్తే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. బాలల హక్కుల వాళ్లు అడిగేది కూడా పెద్దదేం కాదు: చిరునామా ఇవ్వకపోయినా అమ్మ బతికే ఉందన్న మాట, కుదిరితే ఒక ఉత్తరం. మహిళా సంఘాల వాళ్ల భయమేమో ఆ ఉత్తరం కవరు మీది పోస్టాఫీసు ముద్ర గురించి. రెండిట్లోనూ న్యాయముంది.

చనిపోయినా "నాన్న దుబాయ్‌లో ఉన్నాడు" అని చెప్పి పెంచిన పిల్లలూ ఉంటారు. దర్యాప్తులో ఆ నిజం ముందు అధికారికి తెలుస్తుంది. పిల్లాడికి ఎవరు, ఎప్పుడు చెప్పాలన్నది ఏ సెక్షన్‌లోనూ లేదు.

## త్వరగా పంపాలా, ఆగి పంపాలా?

స్టేషన్లలో పనిచేసేవాళ్లలో రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, హోమ్ ఎంత మంచిదైనా ఇల్లు కాదు, సంస్థలో ఉంచడం చివరి మార్గమని చట్టమే అంటోంది, కాబట్టి వీలైనంత త్వరగా పంపేయాలి. రెండోది, కారణం తేల్చకుండా పంపితే మళ్లీ పారిపోతాడు, ఈసారి పోలీసులకు దొరక్కుండా వెళ్లడం నేర్చుకుంటాడు. మొదటి వాదన నాలుగు నెలలు ఊళ్లు మారుతూ చదువు పోగొట్టుకున్న పిల్లల్ని చూసి వచ్చింది. రెండోది ఒకే పిల్లాణ్ని పదేపదే అదే ప్లాట్‌ఫాం మీద చూసి వచ్చింది. నన్నడిగితే ఇంట్లోంచి పారిపోయినవాడికి ఆగాలి, ఎవరినో వెతుకుతున్నవాడి విషయంలో వెతికే పని మొదలుపెట్టి మరీ పంపాలి. "మేం కనుక్కుంటున్నాం" అన్న మాటతో తిరిగి వెళ్లేవాడికీ, చీవాట్లతో వెళ్లేవాడికీ తేడా ఉంటుంది.

ఈలోగా ఫోన్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "ఈ బాబు నాన్న కోసం వెతుకుతున్నాడు, షేర్ చేయండి." ఫొటో, పేరు, ఊరు, బడి, అన్నీ ఉంటాయి. పంపేవాళ్లది మంచి మనసే. కానీ బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదు. ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. పిల్లాడికి మేలనిపిస్తే కారణాలు రాసిపెట్టి కమిటీయే అనుమతివ్వవచ్చు. ఆ నిర్ణయం గ్రూప్ అడ్మిన్‌ది కాదు. ఆ ఫొటో చూసి "నేనే నీ నాన్న తమ్ముణ్ని" అంటూ వచ్చేవాడు ఎవరో ఎవరికీ తెలియదు కదా.

## పద్ధతి ప్రకారం జరిగే ఒకే ఒక్క వెతుకులాట

తల్లిదండ్రుల కోసం చట్టం గడువు పెట్టి వెతికించే చోటు ప్రధానంగా ఒకటి కనిపిస్తుంది. "ఫలానా చోట ఫలానా వయసు పాప దొరికింది, సంబంధీకులు సంప్రదించగలరు" అని జిల్లా అధికారుల పేరుతో పేపర్లో వచ్చే చిన్న ప్రకటనలు చూసే ఉంటారు. రెండేళ్లలోపు పిల్లలకైతే రెండు నెలల్లో, ఆ పైవాళ్లకు నాలుగు నెలల్లో తేల్చాలి. ఆ వెతుకులాట ముగిసే చోటు మాత్రం వేరు. ఎవరూ రాకపోతే బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని కమిటీ ప్రకటిస్తుంది.

అలా వెళ్లిన బిడ్డలు పెద్దయ్యాక వెనక్కి తిరిగి వెతకడం ఇంకో అధ్యాయం. నల్లగొండ జిల్లా తండాల నుంచి ఆడశిశువులను కొని హైదరాబాద్ సంస్థల ద్వారా విదేశాలకు దత్తత పంపిన వ్యవహారాలు 1999లో, 2001లో బయటపడ్డాయి. అప్పటి శిశువులకిప్పుడు పాతికేళ్లు దాటాయి. 2022 దత్తత నిబంధనలు ఈ వెతుకులాటకు మూలాల అన్వేషణ అనే పేరుతో చోటిచ్చాయి. 18 నిండితే ఒంటరిగా, నిండకపోతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసుకోవాలి. మధ్యలో మూడో మనిషి వెతకడానికి వీల్లేదు. బిడ్డ హక్కు కన్నవాళ్ల గోప్యతను దాటి వెళ్లకూడదు. బిడ్డను అప్పగించేటప్పుడే తన వివరాలు చెప్పొద్దని తల్లి స్పష్టంగా అంటే ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, చిరునామా ఇవ్వరు. బిడ్డను ఎందుకు, ఏ పరిస్థితుల్లో అప్పగించిందన్నది మాత్రం చెప్పవచ్చు.